ఇన్సులిన్ వేసిన చోటల్లా దద్దురు లేస్తోంది, మానేయమంటున్నారు

బురుజు_పక్కిల్లు
మా నాన్నకు 64 ఏళ్ళు. కర్నూలులోనే ఉంటాం. షుగర్ వచ్చి పదిహేనేళ్ళు, ఇన్నాళ్ళూ మాత్రలతోనే నెట్టుకొచ్చాం. పోయిన నెల, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 10.8 వచ్చేసరికి డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టారు. 30/70 సీసా, పొద్దున 14 యూనిట్లు, రాత్రి 10. మొదటి పది రోజులు ఏమీ లేదు. ఆ తర్వాత నుంచి సూది వేసిన పావుగంటకు పొట్ట మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉబ్బుతోంది, ఒకటే దురద. మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. రాత్రి సూదికి మళ్ళీ ఇంకోటి. ఈ వారం రూపాయి బిళ్ళ కాస్తా చిన్న పూరీ అంత అయింది.

ఎదురింటి పెద్దమ్మ చూసి "ఒంటికి పడలేదు, మానేయండి, మా ఆయనకూ ఇట్లే అయితే మానేశాం" అంది. నాన్నకు కావలసింది కూడా అదే మాట. రెండు రోజులుగా సూది దగ్గరికి రానివ్వడం లేదు. ఈ రోజు పరగడుపున 312. మా డాక్టరు ఊర్లో లేరు, సోమవారం వస్తారట. ఇది అలర్జీయేనా? నిజంగా మానేయాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

సంగటి_ముద్ద
ఆ పెద్దమ్మ వాళ్ళాయన ఇప్పుడెలా ఉన్నాడో కనుక్కున్నావా?

బురుజు_పక్కిల్లు
కాలి వేలు తీసేశారు. అది వేరే సంగతి అంటుంది ఆమె.

సంగటి_ముద్ద
వేరే సంగతి కాదు సామీ. అదే సంగతి.

ల్యాబు_గాజుసీసా
ముందు ఒక్కటి చెప్పు. దద్దురు సూది వేసిన చోటేనా, ఒళ్ళంతా లేస్తోందా? పెదవులు వాయడం, గొంతు పట్టేసినట్టుండడం, ఆయాసం, కళ్ళు తిరగడం ఏమైనా ఉన్నాయా? ఉంటే ఇక్కడ టైపు చేస్తూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్. లేకపోతే నిదానంగా మాట్లాడుకుందాం. అనంతపురంలో ల్యాబులో పని చేస్తాను, డాక్టరును కాదు, అది కూడా గుర్తుపెట్టుకో.

బురుజు_పక్కిల్లు
లేవక్కా. వేసిన చోటే. గోక్కుంటూ టీవీ చూస్తుంటాడు, అంతే.

ల్యాబు_గాజుసీసా
సరే. అయితే సోమవారం దాకా ఆగకుండా ఈ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయించు, దొరక్కపోతే ఆ క్లినిక్‌లో ఇంకొకరిని అడుగు. 312 మీద ఇంకో రెండు రోజులు ఖాళీగా ఉండడం మంచిది కాదు.

కడప_కోడలు
స్పిరిట్ అయ్యుంటుంది! మా అత్తకు అచ్చం ఇట్లే. దూదిని స్పిరిట్‌లో ముంచి పొట్టంతా తుడిచి, అది తడిగా ఉండగానే సూది దించేది. మంట, ఎరుపు. మా ఆడబిడ్డ నర్సు. వచ్చి చూసి "స్పిరిట్ ఆరనియ్యి, లేకపోతే అసలు వద్దు, సబ్బుతో కడిగి తుడిస్తే చాలు" అంది. అంతే, మళ్ళీ రాలేదు. మీవాళ్ళు ఇన్సులిన్ మీద పడి ఏడుస్తున్నారు గాని తప్పు దూదిది.

మందులషాపు_మామ
కోడలు చెప్పింది కొట్టిపారేయడానికి లేదు. ఆదోనిలో ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నా, ఇన్సులిన్ పడలేదని సీసా వెనక్కి తెచ్చిన వాళ్ళల్లో సగం మందికి పడనిది ఇన్సులిన్ కాదు. బురుజూ, వరసగా చెప్పు: సిరంజి టోపీ ఏ రంగు? సూది ఎన్నిసార్లు వాడుతున్నారు? సీసా ఎక్కడ పెడుతున్నారు? వేసే ముందు ఎట్లా కలుపుతున్నారు?

బురుజు_పక్కిల్లు
ఎర్ర టోపీ. సీసా ఫ్రిజ్ తలుపులో. తీసి గబగబా ఆడించి అప్పుడే వేస్తాం. సూది... వారానికి ఒకటి.

మందులషాపు_మామ
వారానికి ఒకటంటే పద్నాలుగు పోట్లు! మూడో పోటుకే మొన వంకర పోతుంది నాయనా. చర్మం చీలుతుంది గాని గుచ్చుకోదు. ఎర్ర టోపీ సరే, సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది కదా. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే కూడా మంట పుడుతుంది, కాసేపు బయట పెట్టు. పాలలా ఉండే మందును ఆడించకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా ఓ ఇరవై సార్లు దొర్లించాలి.

సంగటి_ముద్ద
మామా, మీ దగ్గర సూదులు ఎక్కువ అమ్ముకోవడానికి కాదు కదా ఇదంతా?

మందులషాపు_మామ
సూది మీద నాకు మిగిలేది అర్ధరూపాయి. నీకు ఉగ్గాని బజ్జీ తినిపించాలంటే ఎన్ని సూదులమ్మాలో లెక్కేసుకో.

గుంతకల్లు_జంక్షన్
నాదీ ఇదే అనుకుని చదివా గాని, కాదు. నాది గడ్డల కథ. చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

రైల్వేలో నైట్ డ్యూటీ. తొమ్మిదేళ్ళుగా ఇన్సులిన్. బొడ్డుకు కుడి పక్క నాలుగు వేళ్ళ దూరంలో ఒక చోటుంది, అక్కడ వేస్తే నొప్పి తెలియదు. హాయిగా ఉందని రోజూ అక్కడే. ఏడాది తిరిగేసరికి అక్కడ నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు. నేనూ "ఇన్సులిన్ అలర్జీ" అనే అనుకున్నా. షుగర్ ఒకరోజు 110, ఒకరోజు 340. డోసు 48 దాకా పెంచారు. చివరికి ఒక డాక్టరు చొక్కా ఎత్తమని అరచేత్తో నిమిరి చూశాడు. తొమ్మిదేళ్ళలో నా పొట్ట ముట్టుకున్న మొదటి డాక్టరు ఆయనే. ఇది అలర్జీ కాదు, ఒకేచోట ఇన్సులిన్ పడీ పడీ కింద కొవ్వు పెరిగింది, అందులో వేసిన మందు రక్తంలోకి ఎప్పుడు పోతుందో దానికే తెలియదు, అన్నాడు. దురద ఉండదు, ఎరుపు ఉండదు, నొప్పి కూడా ఉండదు. అదే మోసం.

చోటు మార్చమన్నాడు, మార్చా. డోసు తగ్గించుకోమని కూడా చెప్పాడు, అది నేను వినలేదు. మంచి చర్మంలో 48 వేసుకుంటే మూడో రోజు ప్లాట్‌ఫాం మీద చెమటలు పట్టి కూలబడ్డా. షుగర్ 46. టీ కొట్టతను నోట్లో చక్కెర పోశాడు. ఇప్పుడు 36 యూనిట్లతోనే గడుస్తోంది.

ల్యాబు_గాజుసీసా
జంక్షన్ అన్న చెప్పింది బంగారం. గడ్డ వేరు, దద్దురు వేరు. ఎరుపు, దురద, పావుగంటలో రావడం, గంటల్లో పోవడం, ఇవన్నీ బురుజు వాళ్ళ నాన్నకు ఉన్నాయి. గడ్డయితే పోదు, అట్లాగే ఉంటుంది. కాబట్టి కోడలక్కా, దూది మీదే కేసు పెట్టేయకు. స్పిరిట్ అయితే మొదటి రోజు నుంచే మండేది. ఇక్కడ పది రోజులు బాగుండి తర్వాత మొదలైంది. ఒంట్లో రక్షణ వ్యవస్థ కొత్త సరుకును గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి ఇంచుమించు అంత టైమే పడుతుంది.

ఇంకో మాట బురుజూ, మీ నాన్న ఇంతకుముందు ఎప్పుడైనా ఇన్సులిన్ వేసుకున్నాడా, కొన్ని రోజులైనా?

బురుజు_పక్కిల్లు
లేదు, ఇదే మొదటిసారి.

బురుజు_పక్కిల్లు
ఆగండి. అమ్మ చెప్తోంది, ఆరేళ్ళ కింద పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో ఓ వారం వేశారట. పాలలాంటి మందే అంటోంది. మేం మర్చిపోయాం.

ల్యాబు_గాజుసీసా
అమ్మకు దండం. అది డాక్టరుకు తప్పకుండా చెప్పు. కొన్నాళ్ళు వేసి, ఆపి, ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళలో అలర్జీ అవకాశం ఎక్కువ. పెద్దమ్మ మాట విని మానేసి, భయపడి మళ్ళీ మొదలుపెట్టడం కూడా అందుకే మంచిది కాదు.

సూదంటే_పరుగు
ఇంత కథ ఎందుకు? కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి. మా మేనమామ ఇన్సులిన్ ఆపేసి ఏడాదైంది, గుర్రంలా ఉన్నాడు.

గుంతకల్లు_జంక్షన్
గుర్రం హెచ్‌బీఏ1సీ ఎంత?

సూదంటే_పరుగు
అది చూపించుకోలేదు.

సంగటి_ముద్ద
చూపించుకోకపోతే అందరం గుర్రాలమే.

చాక్‌పీసు_పొడి
ఆలస్యంగా వచ్చా, సైన్సు మాస్టర్ని కాబట్టి కాస్త పాఠం తప్పదు. ఇష్టం లేనివాళ్ళు కిందికి వెళ్ళండి.

ఇన్సులిన్‌కు ఒళ్ళు ఎదురుతిరగడం ఇన్సులిన్ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్ అనే పిల్లవాడికి మొదటి సూది వేశారు. దూడల, ఆవుల క్లోమం నుంచి తీసిన రసం, సరిగ్గా శుద్ధి కాలేదు. సూది వేసిన చోట గడ్డ కట్టింది, షుగర్ పెద్దగా తగ్గలేదు. ఆపేశారు. కొలిప్ అనే ఆయన పన్నెండు రోజులు కూర్చుని మందును శుద్ధి చేశాక, 23న మళ్ళీ వేశారు. ఈసారి పని చేసింది. ఎదురింటి పెద్దమ్మ టొరంటోలో ఉండి ఉంటే 11వ తేదీనే కథ ముగిసేది.

ఆ తర్వాత అరవై ఏళ్ళు ఆవు, పంది ఇన్సులినే. మన ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు. పందిది మనదానికంటే ఒక్కచోట తేడా, ఆవుది మూడు చోట్ల. ఆ కాస్త తేడాకూ, అందులో మిగిలిపోయిన మలినాలకూ దద్దుర్లు మామూలు. ఇంకొందరికి సూది వేసిన చోట కొవ్వు కరిగి గుంటలు పడేవి. మా నాయనమ్మ తొడల మీద ఆ గుంటలు నేను చూశా, చిన్న గోళీ పెడితే నిలబడేది. 1982లో బాక్టీరియాతో తయారు చేసిన మనిషి ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక ఇదంతా బాగా తగ్గింది. ఇప్పుడు అలర్జీ అనేది నూటికి ఇద్దరు ముగ్గురిని మించదు.

ఇన్సులిన్ ఇంత చిన్నది, దీనికి యాంటీబాడీలు పుట్టవని 1950ల దాకా పెద్ద పెద్దవాళ్ళే నమ్మేవారు. న్యూయార్క్‌లో రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే ఇద్దరు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని చూపిస్తే పత్రిక వాళ్ళు ఒప్పుకోలేదు. 1956లో అచ్చయింది గాని శీర్షికలో 'యాంటీబాడీ' అనే మాట తీసేయాల్సి వచ్చింది. ఆ యాంటీబాడీనే వాడుకుని రక్తంలో హార్మోన్లు కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1977లో యాలోకు నోబెల్. బెర్సన్ అప్పటికే పోయాడు. ఆమె నోబెల్ ప్రసంగంలో ఆ తిరస్కరణ ఉత్తరాన్ని కూడా చూపించింది. పాతపగ అంటే అట్లా ఉండాలి, మన సీమలో పుట్టాల్సిన మనిషి.

ఇక బురుజు వాళ్ళ సంగతి. 30/70లో ఉన్నది ఇన్సులిన్ ఒక్కటే కాదు. పాలలా ఉంటుందే, ఆ 70 వంతులో ఇన్సులిన్ నెమ్మదిగా కరగాలని ప్రోటమిన్ కలుపుతారు. అది సాల్మన్ లాంటి చేపల వీర్యం నుంచి తీసే ప్రోటీన్. ఇంకా జింకు, చెడిపోకుండా మెటాక్రెసాల్, ఫినాల్. వీటిలో దేనికైనా ఒళ్ళు ఎదురుతిరగొచ్చు.

కడప_కోడలు
ఏందీ?? మా అత్త గుడ్డు కూడా తినదు. వెల్లుల్లి కూడా ఆలోచించి వేస్తుంది.

సంగటి_ముద్ద
చెప్పకు తల్లీ. నీ సంసారం బాగుండాలి.

జేజి_మనవరాలు
అలర్జీ అంటే నిజంగా ఏమిటో మా తమ్ముడికి వచ్చింది, అందుకే రాస్తున్నా. భయపెట్టడానికి కాదు.

వాడికి పదకొండేళ్ళప్పుడు టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కానిది) బయటపడింది. ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. మూడో నెలలో మొదట వేసిన చోట దద్దురు, వారానికి మోచేతుల మీద, ఒక రాత్రి ఒళ్ళంతా. కళ్ళు మూసుకుపోయేంత వాపు, గురక లాంటి ఊపిరి. 108లో తీసుకెళ్ళి సూది వేస్తే తగ్గింది. టైప్ 1 వాడు, ఇన్సులిన్ ఆపితే బతకడు, వేస్తే ఇట్లా. ఆ రాత్రి మా అమ్మ మొహం నేను మర్చిపోలేను.

బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పంపించారు. ముంజేతి మీద పెన్నుతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రకం ఇన్సులిన్ చుక్క, ఒకదాంట్లో వట్టి ఉప్పునీరు, పైపైన గుచ్చి చూశారు. వాడికి నిజంగానే ఇన్సులిన్‌కే. అన్ని గళ్ళూ లేచాయి, ఉప్పునీటి గడి తప్ప. అప్పుడు అలవాటు చేయడం మొదలుపెట్టారు. యూనిట్‌లో వెయ్యో వంతు కంటే తక్కువతో మొదలు. కాసేపు ఆగి చూసి రెట్టింపు, మళ్ళీ ఆగి రెట్టింపు. మంచం పక్కనే పెద్ద అలర్జీ వస్తే వేసే అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకున్నారు. మూడు రోజులకు మామూలు డోసుకు వచ్చారు. ఇప్పుడు వాడికి పంతొమ్మిది, ఇన్సులిన్ పంపు వాడుతున్నాడు. పూట తప్పకూడదన్నారు, మధ్యలో ఆపితే ఒళ్ళు మళ్ళీ మొదటికి వస్తుందట. ఇంట్లో ఎవరూ సొంతంగా ఇలాంటివి చేయొద్దు, చుక్క చుక్కా వేసి చూద్దాం అని అసలు అనుకోవద్దు.

బురుజు_పక్కిల్లు
చదువుతుంటే చేతులు వణికాయక్కా. ఈ రోజు క్లినిక్‌లో జూనియర్ డాక్టరుతో మాట్లాడా. సోమవారం దాకా పాలమందు వద్దు, తేట మందు (నీళ్ళలా ఉండే, ప్రోటమిన్ కలపని ఇన్సులిన్) ఒక్కటే మూడు పూటలా తిండికి ముందు కొద్దికొద్దిగా, మొదటిది మా క్లినిక్‌లోనే మా ముందర వేసుకోండి అన్నారు. వెళ్ళి అరగంట కూర్చున్నాం. ఏమీ రాలేదు!!

చాక్‌పీసు_పొడి
తేట మందులోనూ ఇన్సులిన్ ఉంది, మెటాక్రెసాల్ ఉంది. ఏమీ రాలేదంటే అనుమానం ఎటు తిరిగిందో చూశావా?

పెన్నా_ఇసుక
బ్లడ్ టెస్టులో ఇన్సులిన్ యాంటీబాడీ అని ఉంటుంది కదా, అది చేయించేస్తే తేలిపోదా?

ల్యాబు_గాజుసీసా
తేలదు. ఇన్సులిన్ వేసుకునే చాలామందిలో ఆ యాంటీబాడీలు ఎంతో కొంత ఉంటాయి, ఏ హానీ లేకుండా. దద్దురు తెచ్చేది వేరే రకం, ఐజీఈ అంటారు. టైప్ 1 అవునా కాదా అని చూడాలన్నా, ఇన్సులిన్ మొదలుపెట్టాక ఈ టెస్టు పనికిరాదు, వేసుకున్న మందుకు పుట్టిందో తనంతట పుట్టిందో చెప్పలేం. అప్పుడు గాడ్ యాంటీబాడీ అనే వేరే రక్తపరీక్ష చూస్తారు. డబ్బులు దండగ చేసుకోకు.

పెన్నా_ఇసుక
అడగడానికి కారణం ఉంది. మా పెదనాన్న ఇన్సులిన్ మీద ఉన్నాడు, తిన్నాక 350, తెల్లవారుజామున మూడింటికి 48. డోసు తగ్గిస్తే పగలు ఇంకా పెరుగుతుంది, రాత్రి మాత్రం పడిపోతూనే ఉంది. దొంగతనంగా ఎక్కువ వేసుకుంటున్నాడని పెద్దమ్మ సిరంజిలు బీరువాలో పెట్టి తాళం వేసింది. పాపం ఆయన ఒట్లు పెట్టుకునేవాడు. చివరికి తిరుపతిలో ఒక డాక్టరు ఆ టెస్టు రాశారు. యాంటీబాడీలు బాగా ఎక్కువ. తిన్నప్పుడు ఇన్సులిన్‌ను పట్టేసుకుని, అర్ధరాత్రి వదిలేస్తాయట.

ఆయన మొదట అడిగిన ప్రశ్న మాకు వింతగా అనిపించింది: "కాళ్ళ తిమ్మిర్లకు ఏమైనా మాత్రలు వాడుతున్నారా?" వాడుతున్నాడు. అందులో ఆల్ఫా లైపోయిక్ ఆమ్లం ఉంది. అసలు ఇన్సులిన్ వేసుకోని వాళ్ళలో కూడా ఇలా యాంటీబాడీలు పుట్టించిన మాత్రల్లో అదొకటట. జపాన్‌లో హిరాటా అనే డాక్టరు 1970లో మొదట గుర్తించిన జబ్బట. మా పెదనాన్నకు అదే కారణమని ఆయన తేల్చి చెప్పలేదు గాని ఆ మాత్ర ఆపించి, ఇన్సులిన్ రకం మార్చారు. నాలుగు నెలలకు రాత్రుళ్ళు సర్దుకున్నాయి.

ల్యాబు_గాజుసీసా
ఇట్లాంటి వాళ్ళకు మాత్రం ఆ టెస్టు కావాలి, నేను చెప్పింది ఆ మేరకు వెనక్కి తీసుకుంటా. చాలా అరుదు. పెద్దమ్మ ఆయనకు క్షమాపణ చెప్పిందా?

పెన్నా_ఇసుక
బీరువా తాళం తీసింది. మా ఇళ్ళల్లో అదే క్షమాపణ.

బురుజు_పక్కిల్లు
సోమవారం వెళ్ళొచ్చాం. ముందుగా, దద్దురు వచ్చినప్పుడల్లా చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి టైము రాసి ఫోటో తీసి పెట్టా (పాత రోజుల్లోవి కూడా మా చెల్లి తీసి ఉంచింది). డాక్టరు ఆ ఫోటోలు చూసి సంతోషపడ్డారు. ఆపరేషన్ సంగతి చెప్తే "ఇది మీరు మొదటిరోజే చెప్పాల్సింది" అన్నారు. అమ్మ నా వైపు చూసింది.

ముంజేతి మీద గుచ్చి చూశారు. తేట మందు, ఏమీ లేదు. పాలమందు, పది నిమిషాల్లో శనగ గింజంత లేచింది. ప్రోటమిన్ మీదే అనుమానం అన్నారు. ఇక 30/70 బంద్. రాత్రి ఒకసారి గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే, ప్రోటమిన్ లేని ఇన్సులిన్), తిండికి ముందు తేట మందు. కొన్నాళ్ళు దురదకు సెట్రిజిన్ మాత్ర. గ్లార్జిన్ కూడా అక్కడే వేసి గంటసేపు కూర్చోబెట్టారు. రోజుకు రెండు సూదులు కాస్తా నాలుగయ్యాయి, ఖర్చు కూడా అంతే. నాన్న ఇంకా ఎదురింటి వైపే చూస్తున్నాడు గాని, ఈ రోజు పరగడుపున 168.

మందులషాపు_మామ
గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్ల సరుకు. పెన్నుతోనే వెయ్. పెన్ను మొరాయించిందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర టోపీ సిరంజితో లాగావంటే 10 అనుకున్నది 25 అవుతుంది. ఇట్లా చేసి వచ్చినవాళ్ళను చూశా. పాత ఎర్ర సిరంజిలు తేట మందు సీసాకు మాత్రమే. రెండూ ఒకే డబ్బాలో పెట్టకు.

ఇంకా ఎండలు. కర్నూలులో 43 దాటుతుంది, కరెంటు పోతుంది. కొత్తవి ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాదు. వాడుతున్నది ఇసుక పోసి తడిపిన మట్టికుండలో చిన్న డబ్బా పెట్టి అందులో ఉంచినా పరవాలేదు. తెరిచిన తేదీ సీసా మీద రాయి, నాలుగు వారాలు దాటితే పారెయ్.

ల్యాబు_గాజుసీసా
ఇంకోటి, అందరూ మర్చిపోయేది. గుండె ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, చివర్లో దాని పని ఆపడానికి ఇచ్చేది ప్రోటమినే. పాలమందు ఇన్సులిన్ వల్ల ప్రోటమిన్ పడనివాళ్ళకు అప్పుడు పెద్ద రియాక్షన్ రావచ్చు. డాక్టరు చీటీ మీద 'ప్రోటమిన్ అలర్జీ అనుమానం' అని రాయించి, కాపీ ఒకటి నాన్న పర్సులో పెట్టు. ఆరేళ్ళ కిందటి సూదిని మీరే మర్చిపోయారు కదా.

బురుజు_పక్కిల్లు
రాయించా అక్కా. ఆధార్ కార్డు వెనక పెట్టాం.

నాన్న అడగమన్న ప్రశ్న ఒకటుంది. చేప పడదన్నది సూదికేనా, పులుసుకు కూడానా? తుంగభద్ర చేపల పులుసంటే ప్రాణం ఆయనకు.

చాక్‌పీసు_పొడి
ఇన్నాళ్ళూ తింటే ఏమైనా అయిందా?

బురుజు_పక్కిల్లు
ఏమీ కాలేదు. ఇద్దరి వాటా తింటాడు.

చాక్‌పీసు_పొడి
మనం తినేది చేప కండ, ఇది వేరే ప్రోటీన్. అయినా నా మాట మీద పోవద్దు, డాక్టర్ని అడుగు.

బురుజు_పక్కిల్లు
అడిగా, తినొచ్చన్నారు. నిన్న ఆదివారం పులుసు చేసింది అమ్మ. దద్దురు లేదు, దురద లేదు. తిన్న రెండు గంటలకు షుగర్ మాత్రం 274. పులుసు బాగుందని రెండు ముద్దలు ఎక్కువ లాగించాడు. అది కూడా ఇన్సులిన్ పడకపోవడమే అంటున్నాడు.